నలుపు పక్కన నలుపు

డిగ్రీ అయ్యాక మూడు నెలలు కంప్యూటర్ హార్డ్‌వేర్ కోర్సు చేశాను. ఆ మూడు నెలల్లో నేను నేర్చుకున్నవి రెండు విషయాలు. ఒకటి, మా ఇన్‌స్టిట్యూట్ కింద కొట్లో టీ బాగుంటుంది. రెండు, నలుపు పక్కన నలుపు ఉండాలి.

మొదటిదాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఈ గొడవంతా రెండోదాని గురించే.

తొంభైల మధ్యలో మాట ఇది. అప్పట్లో కంప్యూటరు కావాలంటే విడిభాగాలు తెచ్చుకుని నాలాంటివాడి చేత బిగించుకునేవాళ్లు. లోపల పవర్ సప్లై అని ఒక ఇనుప డబ్బా ఉంటుంది. కరెంటు అందులోకి వెళ్లి, రంగురంగుల వైర్ల గుండా మిగతా అన్నిటికీ చేరుతుంది. వాటిలో చాలా వైర్లతో ఏ బాధా లేదు, తిరగేసి పెడదామన్నా దూరవు. చిక్కంతా మదర్‌బోర్డుకి వెళ్లే రెండు కనెక్టర్లతోనే. ఒక్కోదానికి ఆరేసి వైర్లు. రెండూ కవలల్లా ఉండేవి. పక్కపక్కనే గుచ్చాలి. ఏది కుడివైపు, ఏది ఎడమవైపు అన్నది చూసి తెలుసుకునేలా ఉండదు. ఒక్కటే గుర్తు. ప్రతిదానికీ ఒక చివర రెండు నల్ల వైర్లుంటాయి. అటు రెండూ ఇటు రెండూ వచ్చి మధ్యలో కలవాలి. నలుపు పక్కన నలుపు. అటుదిటు అయితే బోర్డు పోతుంది. మా సారు ఈ ఒక్క ముక్కని రోజూ హాజరు పిలిచినట్టు మా అందరి చేతా చెప్పించేవారు. మిగతా పాఠం ఆయనకీ అంత గట్టిగా వచ్చినట్టు లేదు.

ఆ చదువుతో నేను బెజవాడ వన్‌టౌన్‌లో కంప్యూటర్లు బిగించేవాణ్ణయ్యాను.

మా వీధి చివర ఒక ప్రింటింగ్ ప్రెస్సు ఉండేది. ముప్ఫై ఏళ్లుగా అందులో శుభలేఖలే. దాని యజమాని ముస్లిం, మా నాన్న స్నేహితుడు, అందుకని నాకు బాబాయి గారు. కృష్ణా జిల్లా పెళ్లిళ్ల గురించి ఆయనకి తెలిసినంత మా పురోహితుడికి కూడా తెలియదు. ఎవరి పేరు ముందుండాలి, మేనమామ పేరు వదిలేస్తే ఏ స్థాయిలో గొడవవుతుంది, కార్డు నాలుగు మూలలా పసుపు ఎంత పెట్టాలి (తక్కువైతే పిసినారితనం, ఎక్కువైతే ముహూర్తం కనపడదు), అన్నీ ఆయనే చెప్పాలి. పంతులు గారు కాగితం తెస్తే ఒకసారి పైకీ కిందకీ చూసి, "పంతులు గారూ, ఈ తేదీ బుధవారం కాదండీ, గురువారం" అని మెల్లిగా తిరిగి ఇచ్చేవారు.

ఆయనకి ఒక్కటే పట్టింపు. శుభలేఖలు అచ్చేసే ముందువైపు గదిలోకి నల్ల సిరా రాకూడదు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, కాస్త ఆడంబరం ఉన్నవాళ్లకి బంగారు రంగు. నలుపు పెద్దకర్మ కార్డులకి. వాటికి వెనక గదిలో వేరే మిషను, వేరే సిరా డబ్బా, చేతులు తుడుచుకోవడానికి వేరే గుడ్డ. వెనక గదిలో పనిచేసిన రోజు మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కుంటే గానీ ఆయన ముందు గదిలో కాలు పెట్టేవారు కాదు.

అలాంటి మనిషికి రెండో అమ్మాయి పెళ్లి కుదిరింది. ఉయ్యూరు సంబంధం. కుర్రాడు చక్కెర ఫ్యాక్టరీలో గుమస్తా. ఊరందరి కార్డులూ వేసిన మనిషి సొంత కూతురి కార్డు ఎలా వేస్తాడా అని వీధంతా చూస్తోంది. సరిగ్గా అప్పుడే ఎదురు మేడ మీద ఒకాయన డీటీపీ సెంటరు తెరిచాడు. కంప్యూటర్లో కార్డు. కార్డుకి నెమళ్లు, తామరపువ్వులు, వంపులు తిరిగిన అక్షరాలు. బాబాయి గారి గుమ్మం దాకా వచ్చిన పెళ్లివాళ్లు అక్కడ ఆగి, తలెత్తి చూసి, ఎదురు మెట్లెక్కడం మొదలుపెట్టారు.

మేడ మీదాయన చెడ్డవాడైనా బాగుండేది. మహా మర్యాదస్తుడు. రోజూ పొద్దున్నే వరండాలోంచి వంగి, "భాయ్ గారూ, అమ్మాయి కార్డు మనం వేద్దామండీ. మీ అమ్మాయైతే ఒకటీ, మా అమ్మాయైతే ఒకటీనా?" అనేవాడు. ఆ ఏడాది బాబాయి గారికి ఇంతకు మించిన అవమానం జరగలేదు.

"నా కూతురి కార్డు నా ప్రెస్సులోనే పుడుతుంది. ఆ మెట్లెక్కితే నా పేరు మార్చుకుంటా" అని ఆయన టీ కొట్టు దగ్గర పదిమందిలో అనేశారు. అని, ఎవరైనా సర్ది చెబుతారేమోనన్న భయంతో కాబోలు, మర్నాడే ప్రెస్సులో ఉన్న సీసపు అక్షరాలన్నీ బస్తాలకెత్తించి ఆటోనగర్‌లో బ్యాటరీలు చేసేవాళ్లకి ఇచ్చేశారు. ఆ తరవాత నన్ను పిలిచి, కంప్యూటరు బిగించమన్నారు. వరస అటూ ఇటూ అయిందని నాకు అనిపించింది గానీ, పెద్దవాళ్లకి చెప్పేదేముంది.

ఆ అక్షరాలని ముప్ఫై ఏళ్లు ఒక్కొక్కటే ఏరి పేర్చిన కంపోజిటరు గారొకరు అక్కడ ఉండేవారు. అందరం మాస్టారూ అనేవాళ్లం. అక్షరాలు పోయాక కూడా ఆయన రోజూ టైముకి వచ్చి, ఖాళీ అరల ముందు అదే స్టూలు మీద కూర్చునేవారు.

"నా అక్షరాలు ఇప్పుడు లారీలు స్టార్ట్ చేస్తున్నాయి" అన్నారు నాతో. "ఇన్నాళ్లూ సంసారాలు స్టార్ట్ చేశాయి. లారీలే నయం. రివర్సు గేరుంటుంది."

హైదరాబాద్ నుంచి రావాల్సిన విడిభాగాలూ, కలర్ ప్రింటరూ రోజూ రేపు వస్తాయనిపించుకుని, చివరికి ఒక శుక్రవారం పొద్దున చేరాయి. ఆ సాయంత్రం ఐదింటికి పెళ్లికొడుకు పెదనాన్న గారు ఉయ్యూరు నుంచి బస్సులో వస్తున్నారు. కార్డు నమూనా చూసి, పేర్లు సరిచూసి, సరేనంటే అచ్చుకి వెళ్లాలి. అంటే ఐదింటికల్లా కంప్యూటరు వెలగాలి, కార్డు తయారవ్వాలి. లేదంటే మేడ మెట్లే. సీసం లేదు, ఇంకో దారి లేదు.

పెళ్లికూతురు అప్పటికే రెండు నెలలు తెలుగు టైపింగు నేర్చుకుని కూర్చుంది. తన కార్డు తనే కొడతానంది. అందులో వేయాల్సిన మ్యాటరు తెల్లకాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పెట్టుకుంది. "అన్నయ్యా, అవుతుందా?" అని గంటకోసారి అడిగేది. "ఎందుకవ్వదమ్మా" అని నేను గంటకోసారి అనేవాణ్ణి. నా విద్యలో ఈ భాగం బాగానే వచ్చు.

మధ్యాహ్నానికి బోర్డు బిగించాను. హార్డ్ డిస్కులో కావాల్సినవన్నీ మా ఇంటి దగ్గరే ఎక్కించి తెచ్చాను, దాన్నీ తగిలించాను. ఆ కవల కనెక్టర్లు చేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ పైకే "నలుపు పక్కన నలుపు" అంటూ నొక్కాను.

"మంత్రమా?" అన్నారు మాస్టారు.

"అలాంటిదే మాస్టారూ."

"మా దగ్గర మంత్రాలు ఎరుపులో వేస్తాం" అన్నారాయన. నేను పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

స్విచ్చి వేసి చూద్దామంటే కరెంటు లేదు. పదకొండింటికి పోయింది, మూడింటికి వస్తుంది. ఇది వీధిలో అందరికీ తెలిసిన సంగతే. ఈలోపు ఆటోనగర్‌లో కాయిల్ చుట్టిస్తున్న స్టెబిలైజరు తెచ్చేద్దామని, కంప్యూటరు పెట్టె అలాగే తెరిచి వదిలేసి బాబాయి గారి స్కూటరు వేసుకుని వెళ్లాను. అప్పటికి ఆయన నమాజుకి వెళ్లి ఇంకా రాలేదు. ఆటోనగర్‌లో బ్యాటరీ షాపుల ముందు నుంచి వెళుతుంటే, వరసగా పేర్చిన బ్యాటరీలు చూసి నాకు మాస్టారి మాట గుర్తొచ్చింది. ఏ బ్యాటరీలో ఎవరి శుభముహూర్తం ఉందో అనుకున్నాను.

తిరిగి వచ్చేసరికి పెట్టె మూత బిగించి ఉంది. ఆరు స్క్రూలూ ఉన్నాయి. మీద ఉతికిన తెల్లగుడ్డ కప్పారు. బాబాయి గారు నమాజు నుంచి వచ్చి, టోపీ కూడా తీయకుండా, పెళ్లి పందిరి పూర్తి చేసినవాడిలా పక్కన నిలబడి ఉన్నారు.

"మూత నేనే బిగించా అబ్బాయ్. తెరిచి ఉంటే దుమ్ము పడదూ? లోపల కూడా కాస్త నీటుగా సర్దా. ముందు అన్నం తిను."

సర్దా అన్న మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. కానీ ప్రెస్సుని ఆనుకున్న వాళ్లింట్లోంచి బిర్యానీ వాసన వస్తోంది. పైగా పెద్దాయన బిగించిన మూతని ఆయన ఎదురుగానే విప్పి చూడటం మర్యాదగా ఉండదనిపించింది. మర్యాద వల్ల నా జీవితంలో ఇంత నష్టం మరెప్పుడూ రాలేదు, అదీ రాబోయి తప్పింది గానీ.

మూడింటికి కరెంటొచ్చింది. స్విచ్చి వేశాను. లోపల ఫ్యాను ఒక్కసారి కదిలి, ఇబ్బందికరమైన విషయం గుర్తొచ్చినట్టు ఆగిపోయింది. మళ్లీ వేశాను. మళ్లీ అంతే. మూడోసారి వేస్తే ఆ కదలడం కూడా తగ్గించింది.



"లారీలైతే ఈపాటికి స్టార్టయ్యేవి" అన్నారు మాస్టారు.

ఏం చేయాలో తెలియనివాడు చేసే పనులన్నీ వరసగా చేశాను. ప్లగ్గు పీకి పెట్టాను. స్టెబిలైజరు మీద కొట్టాను. మానిటరు వెనక్కి వెళ్లి చూశాను. కీబోర్డు దులిపాను. ఇందులో ఏదీ తప్పుకాదు, ఏదీ అవసరమూ కాదు. అలా నాలుగైంది. నాలుగుంబావైంది.

"ఎంతసేపు పడుతుంది అబ్బాయ్?" అన్నారు బాబాయి గారు.

"చూద్దాం బాబాయ్ గారూ."

చూద్దాం అన్న మాట ఆయన ముప్ఫై ఏళ్లుగా కస్టమర్లకి చెబుతున్నారు. దాని అర్థం ఆయనకి చెప్పక్కర్లేదు. కూతురి చేతిలోంచి మ్యాటరు రాసిన కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. టోపీ సర్దుకున్నారు. చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది, అవి రోజూ వేసుకునేవే.

"నాన్నా, వద్దు" అంది ఆ అమ్మాయి. "బస్సు ఆలస్యమవుతుందేమో."

"ఉయ్యూరు బస్సా? ఆలస్యమవ్వాలని మనం కోరుకున్న రోజు అది అవ్వదమ్మా" అని ఆయన వీధిలోకి దిగారు. మేడ మీద వరండాలోంచి అప్పుడే ఒక గొంతు వినపడింది. "రండి రండి భాయ్ గారూ, నేను చెప్పలా!"

అప్పుడు విప్పాను మూత. ఆరు స్క్రూలూ ఎంత గట్టిగా బిగించారంటే, కూతుర్ని అత్తారింటికి పంపకుండా ఇంట్లోనే ఉంచేద్దామనుకున్నంత గట్టిగా.

లోపల చూద్దును కదా, ఎరుపు పక్కన ఎరుపు. రెండు కనెక్టర్లూ చోట్లు మారాయి. మధ్యలో ఎరుపులు, వాటి పక్కన కాషాయం, ఇంకో ఎరుపు, పసుపు. నల్లవి రెండు చివరలకీ వెళ్లి, కార్డుకి అంచు గీసినట్టు ఉన్నాయి. చూడటానికి చాలా అందంగా ఉందని ఒప్పుకోవాలి.

"మాస్టారూ, దీన్నెవరైనా ముట్టుకున్నారా?"

"ముట్టుకోవడమేమిటి, సర్దారు. టార్చిలైటు పట్టింది నేనే" అన్నారు మాస్టారు తాపీగా. "మధ్యలో నాలుగు నల్ల తీగలు పెట్టి వెళ్లావు. పెళ్లి పనికి తెచ్చిన మిషను. భాయ్ చూసి ఊరుకుంటాడా? పిల్లవాడు, తెలియక పెట్టాడులే అని నిన్ను వెనకేసుకొచ్చాడు కూడా."

ముప్ఫై ఏళ్లు శుభలేఖలు వేసిన చేతులకి తప్ప ఈ తప్పు ఇంకెవరికీ సాధ్యం కాదు. కోపం తెచ్చుకుందామంటే టైము లేదు. ప్లగ్గు పీకి, రెండిటినీ తీసి, నలుపు పక్కన నలుపు పెట్టి నొక్కాను. బోర్డు బతికుందో లేదో నాకు తెలియదు. కొన్ని పవర్ సప్లైలకి లోపల ఏదైనా తేడా వస్తే తమంతట తామే ఆగిపోయే తెలివుంటుందని విన్నాను. ఫ్యాను అలా కదిలి ఆగిపోవడం ఆ తెలివేనా, లేక చివరి శ్వాసా అన్నది స్విచ్చి వేస్తే గానీ తేలదు. ఆ అమ్మాయి పక్కనే నిలబడి ఉంది. ఈసారి అవుతుందా అని అడగలేదు.

వేశాను.

ఫ్యాను తిరిగింది. తిరుగుతూనే ఉంది. రెండు క్షణాల తరవాత పెట్టెలోంచి ఒక్క బీప్. ఒక్కటే. ఒక్క బీప్ అంటే అంతా క్షేమం అని అర్థం. మూడు నెలల కోర్సులో నేను మూడో విషయం కూడా ఒకటి నేర్చుకున్నానని అప్పుడు తెలిసింది.

ఆ అమ్మాయి గుమ్మంలోకి పరిగెత్తింది. "నాన్నా! వెలిగింది!"

అడుగడుక్కీ ఆగుతూ వెళ్లినట్టున్నారు, బాబాయి గారు అప్పటికి ఇంకా మెట్ల మీదే ఉన్నారు. పైన మేడాయన రెండు చేతులూ చాపి, "రండి, జాగ్రత్త, మూడో మెట్టు కాస్త ఊగుతుంది" అంటున్నాడు. బాబాయి గారు ఆగారు. కూతురి వంక చూశారు. తల పైకెత్తి మేడాయన వంక చూశారు. జేబు మీద చెయ్యి పెట్టుకుని, వీధంతా వినపడేలా ఇలా అన్నారు:

"అబ్బే, పైకి రానండీ. మీరు పెళ్లికి తప్పకుండా కుటుంబంతో రావాలి. కార్డు పంపేముందు నోటితో చెప్పడం పద్ధతి కదా, అందుకని వచ్చా."

"ఎంత మర్యాదండీ మీది!" అన్నాడు మేడాయన.

బాబాయి గారు వెనక్కి వచ్చి, వెలుగుతున్న మానిటరు ముందు అర నిమిషం నిలబడ్డారు. తరవాత మూత తీసి ఉన్న పెట్టెలోకి తొంగి చూశారు.

"అబ్బాయ్! మళ్లీ నలుపు మధ్యలో పెట్టావా?" అంటూ చెయ్యి పెట్టబోయారు.

"బాబాయ్ గారూ, కరెంటుంది!" చెయ్యి పట్టుకున్నాను. నాకు తెలిసిందంతా చెప్పాను. ఎర్త్ అన్నాను. వోల్టులన్నాను. బోర్డు కాలిపోతుందన్నాను. ఆయన ఓపిగ్గా అంతా విని, "నిజమేలే. కానీ పెళ్లి పని కదా అబ్బాయ్" అన్నారు.

ఈ మనిషి నేను ఇంటికెళ్లాక మళ్లీ మూత విప్పుతారని నాకు అర్థమైంది. సైన్సు వల్ల కాదనిపించి, "బాబాయ్ గారూ, పెళ్లికూతుర్ని చేశాక బుగ్గ మీద ఏం పెడతారు?" అన్నాను.

"దిష్టి చుక్క."

"ఏ రంగు?"

ఆయన మళ్లీ వంగి, ఈసారి కళ్లజోడు పెట్టుకుని, నాలుగు నల్ల తీగల్నీ చాలాసేపు చూశారు. మాస్టారి చేతిలోంచి టార్చిలైటు తీసుకుని మరీ చూశారు.

"ఈ ముక్క ముందే చెప్పొద్దూ!" అన్నారు. మూత ఆయనే బిగించారు. ఈసారి నేను పక్కనే నిలబడ్డాను.

ఉయ్యూరు బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. పెదనాన్న గారు గుమ్మంలో చెప్పులు విప్పేసరికి, కలర్ ప్రింటరు గీతకింత టైము తీసుకుంటూ కార్డులో చివరి వరస వేస్తోంది. ఆకుపచ్చ అక్షరాలు. నెమళ్లు లేవు. ఆయన రెండుసార్లు చదివి, తన పేరు ముందున్న ఇంటిపేరు అక్షరం ఒక్కటి మార్పించి, బాగుందన్నారు. అని, వెళ్లబోతూ వేలు పెట్టి చూపించారు.

"పెళ్లికూతురి పేరుకీ పెళ్లికొడుకు పేరుకీ మధ్య ఇదేమిటండీ, నల్లగా? మరకా?"

"దిష్టి చుక్కండీ" అన్నారు బాబాయి గారు. "అది తీస్తే కాలిపోతుంది."

ఆ పెద్దమనిషి కార్డు జేబులో పెట్టుకున్నారు. వియ్యాలవారితో మొదటిరోజే వాదన ఎందుకనుకున్నట్టున్నారు.

నమూనాకి అచ్చు బ్లాకులు చేయించాక, కార్డులు మా ప్రెస్సులో, ముందు గదిలోనే అచ్చయ్యాయి. ఆ మిషను మీదకి మాత్రం బాబాయి గారు నల్ల సిరా ఎక్కనివ్వలేదు. మాస్టారు వెనక గదిలోంచి డబ్బా తెచ్చుకుని, తన స్టూలు మీద కూర్చుని, అగ్గిపుల్ల ముంచి ఒక్కో కార్డుకీ ఒక్కో చుక్క పెట్టారు. పసుపు పెట్టే పనికంటే ఇది సూక్ష్మమైన పని అని ఆయన అభిప్రాయం. మొదటి కార్డు ఎదురు మేడకి వెళ్లింది. మేడాయన కుటుంబంతో సహా పెళ్లికి వచ్చి, రెండుసార్లు వడ్డించుకున్నాడు.

రెండు వేల సంవత్సరం దాటాక మా దాకా కొత్తరకం పవర్ సప్లైలు వచ్చాయి. రెండు కనెక్టర్ల బదులు ఒకటే పెద్దది, ఒకేవైపు దూరుతుంది, తప్పు పెడదామన్నా కుదరదు. బాబాయి గారి ప్రెస్సులో కంప్యూటరు మార్చినప్పుడు అలాంటిదే పెట్టాను. ఆయన అప్పటికి పనంతా అల్లుడికి అప్పగించారు, అయినా టార్చిలైటు పట్టుకుని వచ్చి లోపలికి చూశారు.

"నలుపు మధ్యలో లేదే?"

"ఇందులో నలుపు అక్కడక్కడా అన్ని చోట్లా ఉంది బాబాయ్ గారూ."

"దిష్టి ఎక్కువైంది కాబోలు" అన్నారు. మూత బిగించమన్నారు.

పెళ్లికార్డు నాటి శుక్రవారం ఆయన ఎదురు మేడ మెట్లు ఎన్ని ఎక్కారన్నది మాత్రం తేలలేదు. రెండని ఆయన, ఐదని మాస్టారు. రెండైతే ఎక్కినట్టు కాదని బాబాయి గారి వాదన. నన్ను సాక్ష్యం అడిగేవారు. నా తల అప్పుడు పెట్టెలో ఉందని చెప్పేవాణ్ణి. టీ కొట్టు దగ్గర పేరు మార్చుకుంటానన్న మాట మాస్టారు మరిచిపోలేదు. అప్పుడప్పుడు, పనిలో ఉండగా, ఉన్నట్టుండి ఆయన్ని వేరే ఏదో పేరుపెట్టి పిలిచేవారు. బాబాయి గారు తల కూడా తిప్పేవారు కాదు. ఒక్కసారి మాత్రం, ఏదో ప్రూఫు చూస్తూ, పొరపాటున పలికారు.